ఇవాళ తేజానా, బ్యాడిగానా?

మా పాప మాట్లాడటం మానేసిన మూడో రోజున మా అత్తగారు తాయెత్తు తెచ్చారు. నాలుగో రోజున మా బావమరిది కొత్త ఫోన్ తెచ్చాడు, గేములన్నీ ఎక్కించి మరీ. పాప ఫోన్ వైపు చూడలేదు, తాయెత్తుకి చెయ్యి ఇచ్చింది కానీ మొహం గోడ వైపే ఉంచింది. ఆ రాత్రి జ్వరం 101 దాటితే కారు మాట్లాడుకుని గుంటూరు నుంచి విజయవాడ తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాం. ఐదో రోజు పొద్దున డ్యూటీ మారి వచ్చిన ఒక సిస్టర్ దుప్పటి సర్దుతూ దిండు మీద చెయ్యి వేసి, "ఇదేంటండీ, ఇంత తడిగా ఉంది?" అని అడిగింది. నిద్రలో చొల్లు కారి ఉంటుందమ్మా అన్నాను. సిస్టర్ నా మాట పట్టించుకోలేదు. పాప పక్కన కూర్చుని, "ఉమ్ము మింగడానికి కూడా నొప్పిగా ఉందా తల్లీ?" అంది. పాప కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి, నోరు మాత్రం తెరవలేదు.

ఐదు రోజులు మేం దిగులనుకున్నది, అలక అనుకున్నది, మా అత్తగారు దిష్టి అనుకున్నది, క్యాన్సర్ మందుకి పూసిన నోటి పుండ్లు. ఇంతకంటే బాధ కలిగించే సంగతేంటంటే, ఆ పుండ్లు పాప మా దగ్గర దాచింది. ఎందుకు దాచిందో చెప్పాలంటే నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నా.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. పాపకి అప్పుడు ఏడేళ్లు, రెండో తరగతి. 2023 నవంబరులో విడవని జ్వరం, కాళ్ల నొప్పులు, ఒంటి మీద అక్కడక్కడా నీలం మచ్చలు. డెంగ్యూ అన్నారు, వైరల్ అన్నారు, చివరికి ఎముక మూలుగ పరీక్ష చేసి రక్త క్యాన్సర్ అన్నారు. పొడి అక్షరాల్లో ఏఎల్ఎల్. పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదేనని, సరిగ్గా వైద్యం చేయిస్తే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారని, కాకపోతే రెండు నుంచి రెండున్నరేళ్లు పడుతుందని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఆ మాటల్లో నాకు చెవికెక్కింది రెండున్నరేళ్లు అన్నదొక్కటే. డబ్బు సంగతి ఆరోగ్యశ్రీ చూసింది (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు), దాని గురించి రాయాలంటే అదో పెద్ద కథ, ఇక్కడొద్దు.

మొదటి నెలలో స్టెరాయిడ్లు ఇస్తారు. ఆ నెల పిల్ల మన పిల్ల కాదు. బుగ్గలు ఉబ్బిపోయి, అర్ధరాత్రి రెండింటికి లేచి పప్పుచారు కావాలని, గోంగూర పచ్చడి కావాలని ఏడ్చేది. ఇడ్లీలోకి కూడా కారప్పొడి అడిగే గుంటూరు పిల్ల. పెట్టకపోతే వాళ్లమ్మని గిచ్చేది, కొట్టేది, ఐదు నిమిషాల తర్వాత తనే వెళ్లి వాళ్లమ్మ ఒళ్లో పడుకుని ఏడ్చేది. అది మందు చేయిస్తున్న పని అని మాకు తెలియదు. తర్వాతెప్పుడో పక్క బెడ్డు బాబు వాళ్ల నాన్న, నరసరావుపేట ఆయన, "స్టెరాయిడ్ ఆపితే వారంలో మామూలు మనిషవుతుందండీ, మావాడు నా చొక్కా చింపాడు" అని నవ్వుతూ చెప్పేదాకా, పిల్లకి మా మీద కోపమని కుమిలిపోయాం. ఎవరైనా మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

ఆ నెల చివర్లో కౌంట్లు, అంటే రక్తకణాల లెక్క, పడిపోయాయి. వార్డులో అందరూ కౌంట్లు అనే అంటారు, పొద్దున్నే పలకరింపు కూడా "కౌంట్లు ఎంతొచ్చాయి?" అనే. తెల్లకణాల్లో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే రకం 500 కంటే తగ్గితే ఒంట్లో ఏ చిన్న గాయమైనా ప్రమాదమే, నోరు మరీను. నోట్లో ఎప్పుడూ సూక్ష్మజీవులు ఉంటాయి, మామూలు రోజుల్లో అవి మనల్ని ఏమీ చేయవు, కౌంట్లు లేని రోజుల్లో చిగురు మీద చిన్న గీత చాలు, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్తాయి. అందుకని రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోమాలి, తిన్నప్పుడల్లా, పడుకునేముందు ఉప్పు సోడా నీళ్లు పుక్కిలించాలి అని కాగితం మీద రాసిచ్చారు. ఎలా చేయించాలో మాత్రం ఆ కాగితంలో లేదు.

పాపకి చిగుళ్లు నొప్పి. బ్రష్ చూస్తే నోరు బిగించేది. మొదటి రెండు రోజులు బతిమాలాం, మూడో రోజు బొమ్మ కొనిస్తామన్నాం, నాలుగో రోజు భయపెట్టాం ("తోముకోకపోతే మళ్లీ సూది వేస్తారు" అని, అంతకంటే పాడు మాట ఇంకోటి లేదని ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే తోముకున్నా సూది వేస్తారు కదా). ఆ సాయంత్రం నేను యార్డు నుంచి నేరుగా బస్సెక్కి వచ్చాను. కాజ టోల్‌గేటు దగ్గర గంట సేపు ఆగిపోయింది బస్సు. వార్డుకి చేరేసరికి మా ఆవిడ ఏడుస్తోంది, పాప దుప్పట్లో దాక్కుని ఉంది, పొద్దుటి నుంచి పుక్కిలించలేదు, తోమలేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పిల్ల మీద కూడా కాదు, అన్నిటి మీదా. మా ఆవిణ్ని చేతులు పట్టుకోమని, నేను దవడ పట్టుకుని నోరు తెరిపించాను.

పాప నా వేలు కొరికింది. బ్రష్ జారి పెదవి లోపల తగిలింది. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి ఆ రక్తం ముప్పావుగంట ఆగలేదు. దూదితో నొక్కి పట్టుకున్నంతసేపూ పాప నన్నే చూస్తూ ఉంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ తర్వాత పాప బ్రష్ గొడవ చేయడం మానేసింది. తనే తీసుకుని బాత్రూంలోకి వెళ్లి, కొళాయి తిప్పి, బ్రష్ తడిపి తెచ్చేది. మేం హమ్మయ్య అనుకున్నాం. ఆ బ్రష్ నోట్లోకి వెళ్లడం లేదని నాకు లోపల తెలుసు. రౌండ్స్‌లో డాక్టర్లు "నోరు చూపించమ్మా" అంటే పాప తల అడ్డంగా ఊపేది, వాళ్లు మా వైపు చూసేవాళ్లు, "పొద్దున్నే చూశామండీ, బానే ఉంది" అనేవాళ్లం. అబద్ధం. మళ్లీ ఆ గొడవ పడే ఓపిక ఇద్దరికీ లేదు. ముప్పై బెడ్లు చూడాల్సిన వాళ్లు మా మాట నమ్మి ముందుకి వెళ్లిపోయేవాళ్లు.

ఇక ఫిబ్రవరి ఆఖర్లో మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో మొదలుపెట్టారు. పసుపు రంగులో ఉంటుంది కాబట్టి పిల్లలందరూ పసుపు మందు అంటారు. ఎర్ర మందు వేరే ఉంది, అది ఎక్కిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, దాని మీద వార్డులో పిల్లలు వేసుకునే జోకులు ఇక్కడ రాయలేను. పసుపు మందు మాకు 24 గంటలు ఎక్కించారు. ముందు నుంచీ సెలైన్ పెడతారు, మూత్రాన్ని చిన్న పట్టీతో పరీక్షించి రంగు చూస్తారు, తర్వాత రక్తంలో మందు ఎంత మిగిలిందో చూస్తూ విరుగుడుగా ల్యూకోవోరిన్ అనే ఇంజెక్షన్ టైము తప్పకుండా ఆరేసి గంటలకి ఇస్తారు. ఈ మందు వేగంగా పెరిగే కణాలని చంపుతుంది. క్యాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి, నోటి లోపలి పొర కూడా రోజూ ఊడిపోతూ కొత్తగా పుట్టుకొస్తూ ఉంటుంది, మందుకి రెండిటికీ తేడా తెలియదు. అందుకే మందు ఎక్కిన రోజున ఏమీ ఉండదు, ఐదారు రోజులకి, సరిగ్గా మనం ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకునే సమయానికి, నోరు పూస్తుంది. ఈ సంగతి కూడా మాకు చెప్పే ఉంటారు, కాదనను. చెప్పిన పది విషయాల్లో తొమ్మిది జ్వరం గురించి. నోటి గురించి చెప్పింది కలిసిపోయింది.

ఇక దిండు రోజుకి వస్తాను.

సిస్టర్ బలవంతం చేయలేదు. టార్చి లైటు పాప చేతికే ఇచ్చింది. "నువ్వే వెయ్యి, నువ్వే ఆర్పు. ఆర్పితే నేను చూడను" అంది. పాప చాలాసేపు టార్చి అటూ ఇటూ తిప్పింది. నన్ను బయటికి వెళ్లమని చేత్తో సైగ చేసింది. వెళ్లాను. వరండాలో నిలబడి ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డులో అక్షరాలు ఒక్కొక్కటీ చదువుకున్నాను.

లోపల చూసిందేంటో తర్వాత మా ఆవిడ చెప్పింది. బుగ్గల లోపల చర్మం ఊడిపోయి ఎర్రటి మాంసం, నాలుక పక్కల తెల్లటి పొర, కింది పెదవి లోపల పెద్ద పుండు. డాక్టరు వచ్చి గ్రేడ్ 3 అన్నారు. పుండ్లున్నా గట్టి తిండి తినగలిగితే 2, నీళ్లలాంటివి మాత్రమే మింగగలిగితే 3, అవీ మింగలేకపోతే 4 అట. తెల్ల పొరలో కొంత ఫంగస్ కూడా ఉందన్నారు, మీగడ తరకలా ఉంటుంది, గీకితే రక్తం వస్తుంది కాబట్టి గీకొద్దని దానికి వేరే మందు రాశారు. నొప్పికి మార్ఫిన్ మొదలుపెట్టారు. మా బావమరిది "మత్తుమందా, చిన్నపిల్లకా, అలవాటైపోతుంది" అని గొడవ చేశాడు. నొప్పి ఉన్నంతకాలం కొలిచి ఇచ్చి, తగ్గగానే మెల్లగా ఆపేస్తే ఆ భయం అక్కర్లేదు, మలబద్ధకం మాత్రం చూసుకోవాలి అని డాక్టరు గారు చెప్పారు. మార్ఫిన్ ఎక్కిన రెండు గంటలకి పాప ఐదు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది. "అమ్మా, ఫ్యాను తగ్గించు."

ఐదు రోజుల దిగులు, తాయెత్తు, కొత్త ఫోను, అన్నీ కలిపి చేయలేని పని రెండు గంటల్లో అయింది. అయినా అంతా నొప్పే, దిగులేమీ లేదు అని నేను అనను. నొప్పి తగ్గాక కూడా పాప నాతో మాట్లాడలేదు.

ఆ ఆసుపత్రికి వారానికి రెండు రోజులు పిల్లలతో మాట్లాడటానికి ఒక మేడం వస్తారు. ఆవిడ వచ్చి పాపతో బొమ్మలు గీయించి, రంగులు వేయించి, గంట తర్వాత నన్ను పిలిచారు. నేను నా వైపు నుంచి ఏదో చెప్పుకోబోయాను. ఆవిడ విని, "ఈ నాలుగు నెలల్లో పాప వద్దంటే ఆగిన పని ఏదైనా ఒక్కటి చెప్పండి" అని అడిగారు. ఆలోచించాను. సూది ఆగలేదు. నడుములో వేసే ఇంజెక్షన్ ఆగలేదు. జుట్టు ఆగలేదు. స్కూలు ఆగిపోయింది కానీ అది తను వద్దన్నందుకు కాదు. నా దగ్గర జవాబు లేదు. "నోరు ఒక్కటే తన చేతిలో ఉంది. అది కూడా మీరు లాక్కున్నారు, అందుకని తాళం వేసుకుంది. చూపిస్తే మళ్లీ పట్టుకుంటారని పుండ్లు దాచిందట, నాతో చెప్పింది" అన్నారు.

నేను పాప దగ్గరికి వెళ్లి తప్పయింది అన్నాను. ఏడేళ్ల పిల్లకి తండ్రి క్షమాపణ చెప్పడం మా ఇళ్లల్లో లేదు, నా నోరు కూడా అంత తేలిగ్గా పెగల్లేదు. పాప విని, "వేలు నొప్పి పుట్టిందా?" అంది. పుట్టిందన్నాను. "ఊఁ" అంది. అంతే.

ఆ తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ఇది అందరికీ పనికొస్తుందో లేదో నాకు తెలియదు, మా పాపకి కుదిరింది. టార్చి పాపదే. ముందు పాప నా నోరు చూస్తుంది, తర్వాత నేను పాప నోరు చూస్తాను. పాప చెయ్యెత్తితే నేను ఆగాలి, ఎందుకు అని అడగకూడదు, మళ్లీ చెయ్యి దించాకే మొదలెట్టాలి. తోమాలా వద్దా అన్నది పాప ఇష్టం కాదు, పై వరస ముందా కింది వరస ముందా, ఇప్పుడా పది నిమిషాలాగా అన్నది పాప ఇష్టం. మొదటి రాత్రి పదకొండుసార్లు చెయ్యెత్తింది. నేను నిజంగా ఆగుతానో లేదో చూస్తోందని నాలుగోసారికే అర్థమైంది. నలభై నిమిషాలు పట్టింది. నాలుగు రోజులకి పది నిమిషాలకి వచ్చింది. ఇంకో సంగతి, మొదటి రోజే నా నోట్లో టార్చి వేసి "నాన్నా, నీకు రెండు పుచ్చు పళ్లున్నాయి, వక్కపొడి వాసన కూడా వస్తోంది" అని సిస్టర్లందరి ముందూ ప్రకటించింది. నాకూ ఉప్పు సోడా నీళ్లు పోసి పుక్కిలించమంది. ఆ నీళ్ల రుచి ఎంత దరిద్రంగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు, రోజుకి ఆరుసార్లు పిల్లని పుక్కిలించమంటూ ఒక్కసారి కూడా నేను నోట్లో పోసుకుని చూడలేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంటసోడా, మాకు చెప్పిన కొలత అది. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి చల్లగా ఇస్తే పాప ఒప్పుకునేది. పుండ్లు బాగా ఉన్న రోజుల్లో బ్రష్ కూడా వద్దని, గాజుగుడ్డ ఆ నీళ్లలో తడిపి వేలికి చుట్టి తుడవమన్నారు. షాపులో దొరికే మౌత్‌వాష్‌లలో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, మంట, అవి వద్దన్నారు.

నొప్పి ఎంత ఉందో చెప్పడానికి ఆసుపత్రిలో ఒక అట్ట ఉంటుంది, నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఆరు బొమ్మలు. పాప దాన్ని ముట్టుకోలేదు. ఎందుకమ్మా అంటే, "ఆ చివరి బొమ్మ ఏడుస్తోంది, నేను ఏడవట్లేదు కదా" అంది. నొప్పి ఎంత ఉన్నా ఏడవని పిల్లకి ఏడ్చే బొమ్మ చూపిస్తే ఏం చెప్తుంది మరి. అప్పుడు నాకు తెలిసిన విద్య నేను చూపించాను. తూకం చీటీ వెనక వరసగా ఐదు మిరపకాయలు గీశాను. మొదటిది క్యాప్సికం, అసలు కారమే ఉండదు. రెండోది బజ్జీ మిర్చి. మూడోది బ్యాడిగ, చూడ్డానికి ఎర్రగా భయపెడుతుంది కానీ రంగే ఎక్కువ, కారం తక్కువ. నాలుగోది 334, అదీ ఒక మిర్చి రకం పేరే, కారంగానే ఉంటుంది. ఐదోది తేజ, సన్నగా ఉంటుంది, కొరికితే చెవుల్లోంచి పొగ. పాపకి ఇవన్నీ పుట్టినప్పటి నుంచీ తెలుసు, నా చొక్కా వాసన చూసి ఇవాళ ఏ లాట్ వచ్చిందో చెప్పేది. (వార్డులోకి వెళ్లేముందు స్నానం చేసి బట్టలు మార్చుకోవడం నాకు చివరిదాకా తప్పలేదు, ఆ ఘాటుకి పక్క బెడ్డు పిల్లలు కూడా తుమ్మేవాళ్లు.) ఆ రోజు నుంచి పొద్దున్నే రౌండ్స్‌లో డాక్టరు గారు కూడా "ఇవాళ తేజానా, బ్యాడిగానా?" అని అడగడం మొదలెట్టారు. "334" అని పాప చెప్పేది, ఆయన మార్ఫిన్ ఎంత ఉంచాలో రాసుకునేవారు. హైదరాబాదు నుంచి వచ్చిన జూనియర్ డాక్టరమ్మాయి ఒకసారి నన్ను పక్కకి పిలిచి 334 అంటే పదికి ఎంతండీ అని అడిగింది. ఏడూ ఎనిమిదీ మధ్య అని చెప్పాను.

ఈ లోపల చుట్టాల వైద్యాలు. ఒకరు తేనె, ఒకరు కామంచి ఆకు, ఒకరు కొబ్బరినూనె. మా బావమరిది, ప్రేమతోనే పాపం, బి కాంప్లెక్స్ మాత్రలు తెచ్చాడు, నోరు పూస్తే మనందరం వేసుకునేవే కదా. అదృష్టం బాగుండి సిస్టర్‌ని అడిగాం. ఆ మాత్రల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుందట, పసుపు మందు పనిచేసేదే దాని మీద దెబ్బకొట్టి, కాబట్టి డాక్టర్ని అడగకుండా ఆ వైద్యం జరిగేటప్పుడు వేయకూడదట. మరి ఆ ల్యూకోవోరిన్ కూడా ఫోలిక్ యాసిడ్ లాంటిదే కదా అని జూనియర్ డాక్టరమ్మాయిని అడిగితే, అవునండీ, అందుకే దాన్ని గంటలు లెక్కపెట్టి ఇస్తాం, మీరు ఎప్పుడంటే అప్పుడు ఇస్తే ఎలా అంది. తేనె సంగతి కూడా అడిగాం, కౌంట్లు తక్కువున్నప్పుడు పచ్చి తేనె వద్దన్నారు. కామంచి ఆకు తెచ్చిన పెద్దమ్మకి మాత్రం ఏం చెప్పలేకపోయాం, తీసుకుని, వండుకుని మేం తిన్నాం.

పుండ్లు రెండు వారాల్లో మానాయి. కౌంట్లు పైకి లేస్తుంటే నోరు కూడా దానంతటదే మానుతుంది, రెండూ జంటగా నడుస్తాయి. ఆ రెండు వారాలు పాప తిన్నది చల్లటి రాగి జావ, మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం. కొబ్బరినీళ్లు పడేవి కావు. ఉప్పు వేసినా మంట. వాసన మాత్రం చూసేది. మా ఆవిడ క్యారేజీ విప్పితే "గోంగూరా?" అని కళ్లు మూసుకుని పీల్చేది. మేం పాప ముందు తినడం మానేసి వరండాలో తినేవాళ్లం, అప్పుడు పాపే పిలిచి "ఇక్కడే తినండి, నేను చూస్తా" అంది.

తర్వాతి పసుపు మందుకి ముందు ఈసారి మేమే అడిగి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నిజానికి ఇది నవంబరులోనే, కీమో మొదలుపెట్టకముందో మొదలైన కొద్ది రోజుల్లోనో జరగాల్సింది. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పాపకి కింది దవడ పన్ను ఒకటి పుచ్చి ఉందని మాకు ఏడాది నుంచి తెలుసు. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అనుకున్నాం. కౌంట్లు లేనప్పుడు ఆ పుచ్చులోంచి చీము పడితే ప్రాణం మీదకి వస్తుందని ఆ పిల్లల పళ్ల డాక్టరమ్మ చెప్తుంటే నాకు అరచేతులు చెమటలు పట్టాయి. కౌంట్లు బాగున్న వారం చూసి, మా క్యాన్సర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడుకుని, అప్పుడు ఆ పన్నుకి చేయాల్సింది చేశారు. రాత్రిపూట ఇచ్చే సిరప్‌లలో పంచదార ఉంటుంది, తాగాక నోరు కడగకుండా పడుకోబెట్టొద్దు అన్నారు. మేం మందు తాగితే చాలు దేవుడా అనుకుని తాగిన వెంటనే జోకొట్టేవాళ్లం, పైగా బహుమతిగా చాక్లెట్ కూడా ఇచ్చేవాళ్లం. మిగతా మూడు విడతల్లోనూ నోరు పూసింది కానీ బ్యాడిగ దాటలేదు. డాక్టర్లు మందు లెవెల్ చూసుకుని జాగ్రత్తపడటం వల్లా, ముందే పుచ్చు బాగు చేయించడం వల్లా, రెండో రోజే పాప "నాన్నా, ఇక్కడ గరుగ్గా ఉంది" అని తనే టార్చి తెచ్చి చూపించడం వల్లా, ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను. నాకు మూడోదే గొప్పగా కనిపిస్తుంది, తండ్రిని కదా.

ఇంట్లో మా పెద్దాడు ఉన్నాడు, అప్పుడు ఆరో తరగతి. వాణ్ని నాలుగు నెలలు అమ్మమ్మకి వదిలేశాం. టార్చి డ్యూటీ వాడికీ ఇమ్మని పాపే అడిగింది, ఫోన్లో వీడియో కాల్ పెట్టి "అన్నయ్యా నోరు తెరువు" అనేది. వాడి దిగులు గురించి కూడా రాయాలి, వాడు పెద్దయ్యాక వాడే రాసుకుంటాడేమో.

మే నెలలో గుంటూరు ఎండల్లో, యార్డుకి సెలవులిచ్చిన రోజుల్లో, పాపకి పై వరసలో ముందు పన్ను ఊగడం మొదలైంది. ఎవరింట్లోనైనా అది సంబరం. మాకు టెన్షన్. అప్పుడు మళ్లీ పెద్ద మందులు నడుస్తున్నాయి, ప్లేట్‌లెట్లు 18 వేలు. లాగొద్దు, నాలుకతో తొయ్యొద్దు, దానంతటదే రావాలి, రక్తం ఆగకపోతే వెంటనే రమ్మన్నారు. పాప ఆ పన్ను మీద ఎంత జాగ్రత్తగా ఉందంటే, పది రోజులు అరటిపండు కూడా మా ఆవిడ చెంచాతో గీరి పెడితేనే తిన్నది. పదకొండో రోజు పెరుగన్నంలో ఊడి వచ్చేసింది. రక్తం వచ్చింది. మేం వణికిపోతుంటే పాప గాజుగుడ్డ మడతపెట్టి తనే కొరికి పట్టుకుని, వేళ్లతో సైగ చేసింది, రెండు వేళ్లు. బజ్జీ మిర్చి. ఆసుపత్రికి వెళ్లాం, రక్తం ఆపే ట్రానెక్సమిక్ మందులో తడిపిన గుడ్డ పెట్టి, ప్లేట్‌లెట్లు ఎక్కించారు, సాయంత్రానికి ఆగింది.

పన్నుని ముందు చిన్న మందు సీసాలో దాచుకుంది. ఊడిన పాలపన్నుని ఆవుపేడలో పెట్టి ఇంటి పైకప్పు మీదకి విసరాలని మా అత్తగారు. పేడ పాప ముట్టుకోకూడదు, కౌంట్లు. అన్నయ్య విసిరాడు. మాది మూడో అంతస్తు, పైన పెంకుల్లేవు, స్లాబు. వాడు గట్టిగా విసిరితే పక్క మేడ మీద నీళ్ల ట్యాంకుకి తగిలి ఎటో పోయింది. పాప బాల్కనీలో మాస్కు పెట్టుకుని నిలబడి పగలబడి నవ్వింది, మళ్లీ రక్తం వస్తుందేమోనని మా ఆవిడ అరుస్తూనే ఉంది.

కొత్త పన్ను సెప్టెంబరులో వచ్చింది, కొంచెం వంకరగా. చిన్న వయసులో కీమో పడితే లోపల ఇంకా తయారవుతున్న పళ్ల వేర్లు పొట్టిగా ఉండొచ్చు, కొన్ని రాకపోవచ్చు, ఏటా ఒకసారి చూపించండి అని పళ్ల డాక్టరమ్మ అన్నారు. చూపిస్తున్నాం. ఇప్పుడు మెయింటెనెన్స్ అనే చివరి దశ వైద్యంలో ఉంది, రోజూ ఒక మాత్ర, వారానికోసారి అదే పసుపు మందు మాత్రల రూపంలో. అప్పుడప్పుడూ ఒక చిన్న పుండు వస్తుంది, పోతుంది. జుట్టు వచ్చింది, గోంగూర తింటోంది, స్కూలుకి వెళ్తోంది.

నిన్న రాత్రి అడిగాను, ఇవాళ ఎంత అని. "క్యాప్సికం" అని, టార్చి లాక్కుని నన్ను నోరు తెరవమంది. ఆ రెండో పుచ్చు పన్ను నేనింకా తీయించుకోలేదు.